పరీక్ష పేపర్లతో స్కీ క్యాంపుకి: మంచు పడని అక్టోబర్‌లో మూడు రోజులు

మిన్నెసోటాలో మినియాపొలిస్‌కి దక్షిణాన గంట దూరంలో ఉన్న ఒక చిన్న కాలేజీలో నేను స్టాటిస్టిక్స్ చెబుతాను. మాది విజయవాడ. మావారు రవిది వరంగల్, ఆయన ఉద్యోగం ఆరిజోనాలోని చాండ్లర్‌లో. ఇద్దరి హెచ్-1బీలూ మమ్మల్ని రెండు వాతావరణాల్లో పడేశాయి. ఆయన ఏసీ కింద కూర్చుంటే నేను హీటర్ పక్కన కూర్చుంటాను. ఆటలతో నాకున్న సంబంధం స్కూల్లో ఖోఖో ఆడుతూ మోకాలు పగలగొట్టుకోవడంతోనే తెగిపోయింది. అలాంటి నేను ఒక స్కీ టీమ్‌తో కలిసి అడవిలో మూడు రోజులు ఉండి వచ్చానంటే, దానికి కారణం నా సిలబస్ కాగితంలో నేనే రాసుకున్న ఒక వాక్యం: ‘మిడ్‌టర్మ్ తప్పినవారికి మళ్ళీ పరీక్ష ఉండదు.’

సెప్టెంబర్ చివర్లో కాలేజీ క్రాస్‌కంట్రీ స్కీ టీమ్ కోచ్ మార్తా నా ఆఫీసుకి వచ్చారు. యాభై దాటిన మనిషి, నాకంటే జానెడు పొడవు, మాటలు మాత్రం బాగా తక్కువ. టీమ్‌లో అయిదుగురు నా క్లాసులో ఉన్నారట. మిడ్‌టర్మ్ జరిగే శుక్రవారమే వాళ్ళు ఉత్తరాన లేక్ సుపీరియర్ ఒడ్డుకి శిక్షణ క్యాంపుకి వెళ్తున్నారట. నేను సిలబస్ తీసి ఆ వాక్యం చూపించాను. ఆవిడ శ్రద్ధగా చదివి, “ఇందులో పరీక్ష ఎక్కడ పెట్టాలో రాయలేదు కదా. వ్యాన్‌లో ఒక సీటు ఖాళీగా ఉంది,” అన్నారు. కాదనడానికి నాకొక కారణం దొరికేలోపు మెట్లు దిగి వెళ్ళిపోయారు.

క్లాసులో మిగతావాళ్ళ పరీక్షని ఒక తోటి లెక్చరర్‌కి అప్పగించాను. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి రెండు వ్యాన్లలో బయలుదేరాం. పద్నాలుగు మంది పిల్లలు, కోచ్, నేను, సీల్ వేసిన కవర్‌లో నా పరీక్ష పేపర్లు. వెళ్ళాలనుకునేవారికి దారి చాలా సులువు. మినియాపొలిస్ దాటాక ఐ-35 మీద ఉత్తరానికి పోతూనే ఉండాలి. హింక్లీ దగ్గర పెట్రోలుకీ బాత్రూముకీ ఆగొచ్చు. నాలుగున్నరకి డులూత్ వస్తుంది. అక్కడ రోడ్డు ఒక గుట్ట దిగేసరికి ఎదురుగా సముద్రం. సముద్రం కాదు, సరస్సు అని నాకు మూడుసార్లు చెప్పారు. అవతలి ఒడ్డు కనిపించని నీళ్ళని సరస్సు అనడానికి నాకు నోరు రాలేదు. అక్కణ్ణుంచి హైవే 61 పట్టుకుంటే కుడివైపు నీళ్ళు, ఎడమవైపు ఆకులు పసుపు తిరిగిన బర్చ్ చెట్లు. ఆరింటికల్లా మా క్యాబిన్లు చేరాం. రెండు రాత్రులకి, తిండితో కలిపి, నా వాటా తొంభై డాలర్లు. దారిలో స్టేట్ పార్కులు చూడాలంటే కారుకి రోజుకి ఏడు డాలర్ల పర్మిట్.

ఆ ప్రయాణమంతా నా బుర్రలో ఒకటే సందేహం. చివరికి పక్కన కూర్చున్న ఎరిక్‌ని అడిగాను. తలుపు దాటాలంటే వంగాల్సినంత పొడుగు కుర్రాడు, నా క్లాసులో వెనక బెంచీ.

“మంచు ఎక్కడ?”

“డిసెంబర్‌లో, ప్రొఫెసర్.”

“మరి ఇప్పుడు స్కీ ఎక్కడ చేస్తారు?”

“రోడ్డు మీద.”

వెనక నుంచి ఒక రోలర్ స్కీ తీసి నా ఒళ్ళో పెట్టాడు. రెండడుగుల అల్యూమినియం పట్టీ, ముందొక చక్రం, వెనకొక చక్రం. కాలికొకటి తగిలించుకుని, రెండు చేతుల్లో పొడవాటి కర్రలతో తారు రోడ్డుని పొడుచుకుంటూ పోవాలి. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను.

“బ్రేకులేవి?”

“ఉండవు.”

“మరి ఆగాలంటే?”

“గడ్డిలోకి వెళ్తాం,” అన్నాడు, అదేదో అందరికీ తెలిసిన విషయమే అన్నట్టు.

మా వెనక సీట్లో నిఖిల ఉంది. జార్జియాలోని అల్ఫారెట్టాలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. పద్ధెనిమిదేళ్ళ వరకూ స్కీ అనేది టీవీలో తప్ప చూడలేదు. కాలేజీలో చేరిన మొదటి వారం స్కీ టీమ్ వాళ్ళు ఉచితంగా పాన్‌కేకులు పంచుతుంటే రెండోది అడగడానికి మొహమాటపడి పేరు రాసేసింది. క్లాసులో నన్ను ప్రొఫెసర్ అంటుంది. వ్యాన్ హైవే ఎక్కేసరికి ముందుకి వంగి, గొంతు తగ్గించి తెలుగులోకి మారింది.

“ఆంటీ, రేపు ఎగ్జామ్‌లో ప్రాబబిలిటీ ఎక్కువ ఉంటుందా?”

“ఉండే ప్రాబబిలిటీ ఎక్కువే,” అన్నాను.

“ఆంటీ, నాకు ఎగ్జామ్ భయం లేదు. కొండ భయం ఉంది.” అప్పుడు చెప్పింది. శనివారం ఉదయం టైమ్ ట్రయల్ ఉంటుంది. రోలర్ స్కీల మీద ఆరు కిలోమీటర్లు, అంతా ఎత్తే. ఇరవై అయిదు నిమిషాల లోపు ఎక్కిన అమ్మాయిలే డిసెంబర్‌లో మొదటి రేసుకి వెళ్తారు. “లాస్ట్ ఇయర్ నేను ఒక్క రేస్ కూడా చెయ్యలేదు. అందరి జాకెట్లు పట్టుకున్నాను. నేను మంచిగా పట్టుకుంటాను, కానీ...” అని ఆగిపోయింది. ఆ పిల్ల వేసవంతా అల్ఫారెట్టాలో, ముప్ఫై అయిదు డిగ్రీల ఎండలో, రోలర్ స్కీల మీద ప్రాక్టీస్ చేసిందట. వీధిలో వాళ్ళు కారు ఆపి మరీ, ఏమైనా సాయం కావాలా అని అడిగేవారట.

శనివారం ఆరున్నరకి టిఫిన్. వంట పిల్లలదే, వంతులవారీగా. ఆ రోజు వంతు ఎరిక్‌ది. బక్కెట్ అంత గిన్నెలో ఓట్స్ ఉడికిస్తున్నాడు. ఉప్పు వేశావా అంటే, “టేబుల్ మీద ఉంది, ప్రొఫెసర్. ఎవరి అభిప్రాయం వాళ్ళది,” అన్నాడు. ఒక్కొక్కరు మూడు గిన్నెలు తిన్నారు. నేను ఒక గిన్నెతో లేస్తే ఒంట్లో బాగాలేదా అని అడిగారు.

అప్పుడు మార్తా నా దగ్గరికి వచ్చారు. పైన ఫినిష్ దగ్గర టైమ్ రాయాల్సిన అసిస్టెంట్ కోచ్‌కి జ్వరమొచ్చి ఇంట్లోనే ఉండిపోయాడట. “మీది స్టాటిస్టిక్స్ కదా,” అని ఒక గడియారం నా చేతిలో పెట్టారు. పని సులువే. కింద ఆవిడ గడియారం, పైన నాది, రెండూ ఒకేసారి మొదలుపెడతాం. ఆవిడ అర నిమిషానికొకర్ని వదులుతారు. పైన గీత దాటిన క్షణం నేను చూసి రాస్తాను. తర్వాత తీసివేతలు. పిల్లల చేతి వాచీలన్నీ ఒక టిఫిన్ డబ్బాలో వేయించారు, వాచీ చూసుకుంటూ కాకుండా ఒళ్ళు చెప్పినట్టు ఎక్కాలని. నాకు గర్వంగా అనిపించింది. ఈ కొండ మీద లెక్క తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అన్నట్టు మఫ్లర్ సర్దుకున్నాను.

పైన చలిగాలి. కింద చెట్లన్నీ పసుపు, వాటి వెనక నీలంగా ఆ సరస్సు. నిజంగా అందమైన చోటు. క్యాబిన్ల దగ్గర ఫోన్‌కి సిగ్నల్ లేదు, ఇక్కడ నాలుగు గీతలు ఉన్నాయి. కోటు జేబులో ఫోన్ వరసగా మూలిగింది. నేను చూడలేదు. ఎరిక్ మొదట వచ్చాడు, రాశాను. తర్వాత ఒకరి వెనక ఒకరు, నోరు తెరుచుకుని, చొంగ కార్చుకుంటూ, గీత దాటగానే గడ్డిలో కూలబడుతూ. పదమూడు మందినీ సెకన్‌తో సహా రాశాను. మిగిలింది పద్నాలుగో నంబరు నిఖిల. దూరంగా మలుపు దగ్గర ఎర్ర టోపీ కనిపించింది. ఇంకా రెండు నిమిషాలు పడుతుందనుకున్నాను. అప్పుడే రవి ఫోన్. నిన్న మధ్యాహ్నం నుంచి మాట్లాడలేదు, కంగారు పడుతున్నారేమో అని ఎత్తాను.

“ఏమైనా అర్జెంటా?”

“అర్జెంటే. కుక్కర్ల కందిపప్పు పెట్టిన. ఎన్ని విజిల్స్ రానియ్యాలె?”

“ఎన్నొచ్చాయి?”

“రెండు... లేదు, ఒకటి చిన్నగొచ్చింది. అది లెక్కలకొస్తదా?”

“రాదు. నీళ్ళెన్ని పోశారు?” అని అడుగుతూ అటు తిరిగాను, గాలికి వినిపించక. ఇటు తిరిగేసరికి నిఖిల గీత అవతల, గడ్డిలో, వెల్లకిలా పడి ఉంది.

గడియారం చూశాను. అది పోతూనే ఉంది. ఆమె దాటి పది సెకన్లయిందో, నలభై అయిందో దేవుడికే తెలియాలి. తీసివేత చేస్తే సరిగ్గా ఇరవై అయిదు నిమిషాలకి అటూ ఇటూ వస్తోంది. “సరే, మూడొచ్చినంక బంజేస్త,” అంటున్నారు రవి చెవిలో.

నిఖిల మోచేతి మీద లేచింది. మొహమంతా వెలిగిపోతోంది. “ఆంటీ, ఎంత?”

నేను ఫోన్ చెవి మీంచి దించాను. ఆమె నా చేతిలో ఫోన్ చూసింది, గడియారం చూసింది. “మీరు... చూడలేదా?”

“లేదమ్మా.”

మార్తా వ్యాన్‌లో పైకి వచ్చి నా కాగితం తీసుకున్నారు. పదమూడు అంకెలు, ఒక ఖాళీ. నేను ఒకే ఊపిరిలో క్షమాపణలు చెప్పి, సుమారుగా ఇంత ఉండొచ్చు, పొరపాటు పరిధి ఇంత అని గొణిగాను. ఆవిడ ఓపిగ్గా విని, “మీ క్లాసులో పేపర్ పోతే ఏం చేస్తారు, ప్రొఫెసర్?” అన్నారు. అందులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నా సిలబస్‌లో పేపర్లు పోయేది విద్యార్థుల వల్లే.

“నేను మళ్ళీ చేస్తాను,” అంది నిఖిల గడ్డిలోంచి. ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంచెం తేలికగా ఉండేది. మళ్ళీ ట్రయల్ ఆదివారం ఉదయానికి పెట్టారు.

మధ్యాహ్నం రెండింటికి భోజనాల గదిలో పరీక్ష పెట్టాను. పొయ్యి మీద తీగకి ఇరవై ఎనిమిది మేజోళ్ళు ఆరుతున్నాయి. ఆ వాసనలో కాపీ కొట్టాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు. ఎరిక్ ఒక చేత్తో పీనట్ బటర్ డబ్బా పట్టుకుని రాశాడు. ఇంకొకడు మూడో ప్రశ్న దగ్గర పెన్ను పట్టుకునే నిద్రపోయాడు. అలవాటు ప్రకారం చేతులు వెనక్కి కట్టుకుని బల్లల మధ్య తిరిగాను గానీ, నిఖిల దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ నేనే తల దించుకున్నాను.

ఆదివారం ఎనిమిదింటికి మళ్ళీ అదే కొండ. ఫోన్‌ని క్యాబిన్‌లో పెట్టె అడుగున పడేసి వచ్చాను. మిగతా పదమూడు మందినీ ఎవరూ రమ్మనలేదు. శనివారం సాయంత్రం కొండలెక్కి వాళ్ళ కాళ్ళన్నీ పట్టేసి ఉన్నాయి, అయినా కుంటుకుంటూ వచ్చి దారి పొడవునా నిలబడ్డారు. ఎరిక్ ఓట్స్ గిన్నెని గరిటెతో కొడుతున్నాడు. మలుపు తిరిగిన దగ్గర్నుంచి ఎర్ర టోపీ మీంచి నా చూపు తిప్పలేదు. ఆ గాలికి కళ్ళ వెంబడి నీళ్ళు కారుతున్నా రెప్ప వెయ్యలేదు. ఆమె గీత దాటింది. నొక్కాను.

ఇరవై అయిదు నిమిషాల తొమ్మిది సెకన్లు.

ఆ అంకెని ఇంకోలా చదవడానికి వీలుందేమో అని చూశాను. లేదు. “ఎంత ఆంటీ?” అంది, కర్రల మీద వాలిపోయి. చెప్పాను. ఈసారి ఏడ్చింది. అందరూ వచ్చి ఆమె మీద కుప్పగా పడ్డారు. అది ఓదార్పో, కుస్తీయో నాకు అర్థం కాలేదు.

నేను మార్తా వెంటపడ్డాను. నిన్నటి అలసట ఉంది, ఎదురుగాలి ఉంది, రెండు రోజుల అంకెల్నీ పోల్చకూడదు, తప్పు నాది. ఆవిడ సామాను సర్దుతూనే అంతా విన్నారు. “తొమ్మిది సెకన్లు తొమ్మిది సెకన్లే,” అన్నారు. తర్వాత, “మంచు పడేదాకా నా దగ్గర ప్రతి శనివారం పరీక్ష ఉంటుంది. కాలేజీ దగ్గరున్న కొండ దారి కూడా ఆరు కిలోమీటర్లే. ఎన్నిసార్లయినా రాయొచ్చు. మీకు శనివారాలు ఖాళీయేనా?” అన్నారు.

ఖాళీ చేసుకున్నాను. వరసగా మూడు శనివారాలు ఉదయం ఆ కొండ మీద గడియారం పట్టుకుని నిలబడ్డాను. మూడో శనివారం నిఖిల ఇరవై నాలుగు నిమిషాల యాభై ఎనిమిది సెకన్లలో వచ్చింది. అంకె సరిగ్గా కనిపిస్తోందో లేదో మార్తాని పిలిచి చూపించాకే నోరు విప్పాను. ఆ సోమవారమే నిఖిల నా ఆఫీసుకి వచ్చింది. మిడ్‌టర్మ్‌లో ఆమెకి వందకి అరవై ఒకటి వచ్చింది. “ఆంటీ, కోచ్ మళ్ళీ మళ్ళీ రాయనిస్తారు కదా,” అని ఆగింది. సిలబస్‌లో ఆ వాక్యం కొట్టేసి, క్లాసు మొత్తానికీ ఇంకోసారి పరీక్ష పెట్టాను. అందులో నిఖిలకి యాభై ఎనిమిది వచ్చింది.

డిసెంబర్ రేసులో ఆమె వెనక నుంచి మూడోది. కానీ నేను ఎక్కువగా గుర్తుచేసుకునేది ఆ రేసు కాదు, ఆ అక్టోబర్ మూడు రోజులే. మంచు లేని కాలంలో మంచు కోసం పనిచేసే పిల్లల్ని అంత దగ్గరగా నేను ఎప్పుడూ చూడలేదు. చూసేవాళ్ళు లేరు, పతకాలు లేవు, కింద తారు రోడ్డు, పక్కన గడ్డి. పడతారు, మోచేతులు చూసుకుంటారు, మూడు గిన్నెల ఓట్స్ తింటారు, మళ్ళీ ఎక్కుతారు. ఇన్నేళ్ళుగా నేను విద్యార్థుల్ని ఒక్క రోజు అంకెతో కొలుస్తున్నాను. ఆ అంకె వెనక ఎన్ని ఉదయాలుంటాయో ఆ కొండ మీద నిలబడ్డాకే లెక్కకొచ్చింది.

మీరూ అక్టోబర్‌లో అటు వెళ్ళి ఇలాంటి శిక్షణ చూడాలనుకుంటే ఒక్క సలహా. కొండ కింద మలుపు దగ్గర నిలబడకండి, అక్కడ వాళ్ళు రయ్యిన పోతారు, రంగు తప్ప ఏమీ కనిపించదు. ఓ అరగంట ముందే బయలుదేరి, బాగా నిటారుగా ఉన్న చోటు చూసుకుని, రోడ్డుకి ఎడంగా నిలబడండి. అక్కడ వాళ్ళు నడక వేగానికి వచ్చేస్తారు, మొహాలు కనిపిస్తాయి, పేరు పెట్టి పిలిస్తే వినిపిస్తుంది.