గోడకు ఏడాది గడువు

ఊరికి ఎగువన, పచ్చిక మిట్ట మీద, రెండు వందల ఏళ్ల నాటి రాతి చర్చి ఒకటుంది. చుట్టూ గాలీ, గడ్డీ, మేసే గొర్రెలూ తప్ప వేరే సందడి లేదు. అది ఈనాటికీ నిలబడి ఉందంటే ఒక ముసలి మేస్త్రి చలవే. ఊళ్లో ఆమెను తాపీ పెద్దమ్మ అనేవారు. చేతిలో ఎప్పుడూ తాపీ ఉంటుందని కొందరూ, ఏ పనైనా తాపీగానే చేస్తుందని కొందరూ ఆ పేరుకు అర్థం చెప్పేవారు. రెండూ నిజమే.

పెళ్లయిన కొత్తలో ఆమె మేస్త్రి అయిన మొగుడి వెనక సున్నం మోసేది. ఆయన పరంజా మీంచి పడి కుడి చెయ్యి చచ్చుబడ్డాక, పక్కన కూర్చుని ఆయన చెబుతుంటే తాను రాయి పేర్చింది. ఆడమనిషి చేత గోడ కట్టించడమేమిటని మొదట్లో మొహం చాటేసినవాళ్లే, తర్వాత ఆమె కోసం నెలల తరబడి కాచుకున్నారు.

ఆమెకు అరవై ఎనిమిదో ఏడు నడుస్తుండగా చర్చి ఉత్తరపు గోడ బీట వారింది. కింద మూల నుంచి కిటికీ దాకా, వేలు దూరేంత. పట్నం నుంచి వచ్చిన ఇంజనీరు చుట్టూ ఒకసారి తిరిగి, "కూలగొట్టి కొత్తది కట్టుకోవడమే మేలు" అని తేల్చేశాడు. సంఘ పెద్దలు తలలూపారు.

"గోడ ఇంకా కదులుతోందా, ఎప్పుడో కదిలి ఆగిపోయిందా?" అని వెనక నుంచి పెద్దమ్మ అడిగింది.

"అది ఒక్కరోజులో తెలిసేది కాదమ్మా" అన్నాడు ఇంజనీరు.

"అందుకే ఏడాది ఇవ్వండి. ఎండా వానా చలీ అన్నీ చూడనివ్వండి దాన్ని."

కొత్తగా వచ్చిన పాస్టరు గారు కంగారుపడ్డాడు. "ఈలోగా ఎవరి నెత్తినైనా పడితే?"

"దుంగలు ఆనించి పెడతాను. మీరు ప్రార్థన బడి గదిలో పెట్టుకోండి. దేవుడికి అంత దూరం దారి తెలీదా ఏంటి?"

అందరూ నవ్వారు. నవ్వాక కాదనలేకపోయారు.

పెద్దమ్మ సన్నని గాజు ముక్కలు ఐదు తెచ్చి, బీటకు అడ్డంగా, అటూ ఇటూ సున్నంతో అంటించింది. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పుటుక్కుమనాలి. ప్రతి ఆదివారం ప్రార్థన అవగానే మిట్ట ఎక్కి, ఐదింటినీ తడిమి చూసి దిగేది.

"ఏం పెద్దమ్మా, నాడి చూసొచ్చావా?" అని గొర్రెల కాపరి ఆటపట్టించేవాడు.

"చూశా. నీకంటే గట్టిగానే ఉందిరా" అనేది.

ఎండాకాలం గడిచింది. ఒక్క గాజూ చెక్కు చెదరలేదు. వానలు మొదలైన మూడో వారం అడుగున ఉన్న రెండూ పగిలాయి. ఊరంతా గుప్పుమంది. "ఇక చాల్లెండి అత్తయ్యా, మీరు చెయ్యగలిగింది చేశారు" అంది కోడలు. అయితే పైన ఉన్న మూడు గాజులూ ఎందుకు పగల్లేదన్న అనుమానం పెద్దమ్మను కుదురుగా కూర్చోనివ్వలేదు.

మర్నాడు పొద్దున్నే, జోరు వానలో, గోనెసంచి నెత్తిన కప్పుకుని వెళ్లి గోడ ఎదుట నిలబడింది. చూరు నీళ్లన్నీ ఆ మూలకే వచ్చి పడుతున్నాయి. పడ్డవి ఎటూ పారడం లేదు. గోడనానుకుని ఉన్న సిమెంటు అరుగు పక్కనే నేలలోకి ఇంకిపోతున్నాయి. గునపంతో అరుగు అంచు పెకలించి చూసింది. కింద పాతకాలపు రాతి కాలువ, మట్టితో పూడిపోయి కనిపించింది. అరుగు కట్టినప్పుడు దారి మూసుకుపోయి, ఇరవై ఏళ్లుగా నీళ్లు పునాదిని నానబెడుతున్నాయి.

ఆ అరుగు కట్టింది ఎవరో ఆమెకు గుర్తుంది. వానలోనే దాని మీద కూలబడిపోయింది.

ఆ ఆదివారం బడి గదిలో అందరి ముందూ లేచి నిలబడింది. "జనం కూర్చోడానికి బాగుంటుందని అరుగు కట్టింది నేనే. అడుగున కాలువ ఉందేమోనని చూసుకోలేదు. తప్పు ఇంకెవరిదీ కాదు."

పక్కనున్న కోడలు మెల్లిగా, "ఎవరికీ గుర్తు లేదుగా అత్తయ్యా, చెప్పకపోతే ఏమయ్యేది?" అంది.

"గోడకు గుర్తుందిగా" అంది పెద్దమ్మ.

పాస్టరు గారు లేచి, "గునపాలు ఎవరెవరి ఇళ్లలో ఉన్నాయి?" అని అడిగాడు. సాయంత్రానికి పదిమంది మిట్ట మీద ఉన్నారు. మొదటి దెబ్బ మాత్రం తనదేనని పెద్దమ్మ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అరుగు పగలగొట్టి, కాలువలో మట్టి తోడి, వాలు సరిచేసి, నీళ్లు పల్లం వైపు పారేలా చేశారు. కొత్త గాజులు రెండు అంటించారు. మిగిలిన వానలు కురిశాయి, చలి వచ్చి పోయింది. ఏదీ పగల్లేదు.

గడువు ముగిశాక ఇంజనీరు మళ్లీ వచ్చాడు. ఈసారి పూటంతా ఉన్నాడు. కాలువలో దిగి మోకాళ్ల మీద కూర్చుని పునాది తడిమి చూశాడు. "కూల్చక్కర్లేదు. నేనే తొందరపడ్డాను" అని పాస్టరు గారితో అని, పెద్దమ్మ వైపు తిరిగి, "బీటలో సిమెంటు నింపుదామా?" అని అడిగాడు.

"సిమెంటు బిగుసుకుపోతుంది బాబూ, పాత గోడకు ఊపిరాడదు. సున్నమే పెడదాం."

సున్నమే పెట్టారు. దుంగలు తీసేసి అందరూ మళ్లీ చర్చిలో ప్రార్థనకు కూర్చున్న రోజు, పెద్దమ్మ కావాలనే ఉత్తరపు గోడకు వీపు ఆనించి కూర్చుంది. ఆమెను చూసి మిగతావాళ్లూ అటు జరిగారు.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికింది. ఎక్కడ పాత కట్టడం చూడాల్సి వచ్చినా ఇంజనీరు ఆమె కోసం జీపు పంపేవాడు. వెళ్లగానే అక్కడివాళ్లు పగుళ్లు చూపించబోతే ఆమె చెయ్యి అడ్డుపెట్టి, "అవెక్కడికీ పోవు. ముందు వాన నీళ్లు ఎటు పోతున్నాయో చూద్దాం పదండి" అనేది.