ఇంటర్వెల్ తరువాత పదిహేడు నిమిషాలు

ఇంటర్వెల్ అయిన పదిహేడో నిమిషంలో మా వరుస చివర కూర్చున్న ఆవిడ లేచి నిలబడి, పక్కనున్న భర్తను హాలంతటికీ వినబడేలా అడిగింది.

"ఏటండీ, ఈళ్ళు తమిళంలోకి ఎప్పుడెల్లిపోయారు?"

తెర మీద కథానాయకుడు కోర్టు బోనులో నిలబడి తన తండ్రి గురించి చెబుతున్నాడు. చెబుతున్నది తమిళంలో. మేము టికెట్టు కొన్నది తెలుగు సినిమాకు. మొదటి సగం తెలుగులోనే చూశాం, తెలుగులోనే నవ్వాం. రెండో సగం మొదలై పదిహేడు నిమిషాలైనా, నిండిన ఆ హాలులో ఆవిడ తప్ప ఒక్కరు కూడా తేడా పట్టుకోలేదు. ముప్పై ఏళ్ళు పత్రికలో ఇతరుల తప్పులు దిద్ది జీతం తీసుకున్న నేను కూడా పట్టుకోలేదు. ఆ మాట ముందే ఒప్పుకోవడం మంచిది.

భర్త తెర వైపు చూశాడు. తల కాస్త పక్కకు వంచి, యంత్రంలో ఏదో చప్పుడు వింటున్నవాడిలా విన్నాడు.

"అవును, తమిళమే," అన్నాడు.

"మీకు తెలీలేదా?"

"తెలీలేదే!"

"మీక్కూడానా!" అందావిడ.

మొదట మా వరుస నవ్వింది. తరువాత వెనక వరుస. ఏమైందో అడిగి తెలుసుకుంటూ ఒక్కో వరుసా నవ్వింది. బోనులో హీరో మాత్రం కన్నీళ్ళతో తమిళంలో చెప్పుకుపోతూనే ఉన్నాడు.

ఇదంతా ఎలా వచ్చిందో చెప్పాలంటే తమిళనాడు అంచున ఉన్న మా హోసూరులో బస్టాండు దగ్గరి టీకొట్టు నుంచి మొదలుపెట్టాలి. ఆదివారం పొద్దున ఆ కొట్టు ముందు బెంచీ మీద మేం నలుగురం కలుస్తాం. మాట్లాడుకునేది సినిమాల గురించే. ఏది ఎప్పుడు విడుదల, ఏది వాయిదా, ఏ దర్శకుడికి ఏ హీరోతో చెడింది, ఏది ఎన్ని వారాలకు ఫోన్లోకి వచ్చేస్తుంది. రాజకీయాలు మాట్లాడితే టీ చల్లారుతుందని మాకొక నమ్మకం.

మాలో పెద్దవాడు రాయకోట దగ్గరి పల్లె నుంచి వచ్చి స్థిరపడిన వడ్రంగి మేస్త్రీ. కొత్త ఇళ్ళకు తలుపులు బిగిస్తాడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం చదివిన మనిషి. తెలుగు అక్షరం రాదు. తమిళ పేపర్లో సినిమా పేజీ చదివి మాకు తెలుగులో చెబుతాడు. ఆయన నోట మా ఊరి మాటల్లోకి వచ్చేసరికి ఆ వార్త అసలుకంటే బాగుంటుంది; వార్తలు దిద్దినవాడు అనుమానపడేంత బాగుంటుంది. రెండోవాడు హోసూరు, కృష్ణగిరి మధ్య తిరిగే బస్సులో కండక్టరు. దారిలో ప్రతి సినిమాహాలు ముందు ఎంతమంది నిలబడ్డారో కళ్ళారా చూసి వస్తాడు. మా నలుగురిలో నేను నమ్మే విలేకరి అతనే. మూడోవాడు శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి బండ్ల విడిభాగాల ఫ్యాక్టరీలో తనిఖీ పని చేస్తున్న ముప్పై అయిదేళ్ళ మనిషి. అతన్ని అందరం శ్రీకాకుళం అనే పిలుస్తాం. నాలుగోవాణ్ణి నేను.

మా సంభాషణలు దాదాపు ఇలా ఉంటాయి.

"ఆ పెద్ద పడం మళ్ళీ వాయిదా అంట," అంటాడు మేస్త్రీ. మా వైపు సినిమాను తమిళంలోలాగే పడం అనడం అలవాటు. "గ్రాఫిక్స్ కాలేదంట."

"గ్రాఫిక్స్ కాదప్పా," అంటాడు కండక్టరు. "అదే వారం ఇంకో పెద్దాయన పడం వస్తాది. భయపడినారు."

"ఎవరు చెప్పారు?" అంటాను నేను.

"యూట్యూబులో చెప్పినారు సార్."

"వాళ్ళకెవరు చెప్పారు?"

"ఈయనకి పడం కథ చెప్పినా, నువ్వు చూసినావా, నీకెవరు చెప్పినారు అని అడుగుతాడప్పా," అని మేస్త్రీ టీకొట్టాయనకు ఫిర్యాదు చేస్తాడు. "ఈయన పెండ్లిలో పురోహితుణ్ణి కూడా అడిగి ఉంటాడు, ఈ ముహూర్తం ఎవరు చెప్పినారని."

ఒక ఆదివారం శ్రీకాకుళం సినిమా వార్తలు వదిలి ఇంటి సంగతి ఎత్తాడు. అతని భార్య హోసూరు వచ్చి రెండేళ్ళవుతోంది. వాళ్ళ ఇంటికి ఒక పక్క తమిళులు, ఇంకో పక్క కన్నడం వాళ్ళు, పై అంతస్తులో ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్ళు. అందరూ మంచివాళ్ళే. ఆవిడకు మాత్రం తెలుగు ఒక్కటే వచ్చు. ఊళ్ళో హాలుకు తెలుగు సినిమా వచ్చినా చాలాసార్లు తమిళంలో వస్తుంది. ఆవిడ ఫోన్లో చూస్తుంది.

"ఫోన్లో చూస్తే ఒక్కర్తినే నవ్వుకోవాల అంటాదండి," అన్నాడు. "వెనక నలుగురు నవ్వితేనే అది జోకని తెలుస్తాదంట. మా ఊళ్ళో ఆదివారమైతే హాలుకెళ్ళకుండా ఉండేది కాదు. ఈడకొచ్చాక ఒక్కసారి తీసుకెల్లాను. మూడు గంటలూ నా మొకం చూస్తా కూర్చుంది, నేనెప్పుడు నవ్వితే అప్పుడు నవ్వుదామని."

మేస్త్రీ టీ గ్లాసు బెంచీ మీద పెట్టి లేచాడు. "రండప్పా," అన్నాడు. నలుగురం హాలుకు నడిచి వెళ్ళాం.

హాలు మేనేజరు మా ఊరివాడే, ఇంట్లో తెలుగే. "ఈడ తెలుగోళ్ళకేం తక్కువ మేస్త్రీ? కానీ అందరూ తమిళానికి కూడా వస్తారు కదా. వేరేగా ఎందుకు వెయ్యాల?" అన్నాడు. చివరికి ఒక మాట మీద ఒప్పుకున్నాడు. రాబోయే పెద్ద సినిమాకు మొదటి ఆదివారం పొద్దున ఆట తెలుగులో వేస్తాడు. హాలు నిండితే, ఆ తరువాత వచ్చే తెలుగు సినిమాలన్నిటికీ ఆదివారం పొద్దున ఆట తెలుగులోనే. నిండకపోతే మళ్ళీ అడగకూడదు.

"నిండుతాది," అన్నాడు మేస్త్రీ. మమ్మల్ని అడగలేదు.

తరువాతి మూడు వారాలు మాకు సినిమా వార్తలు మాట్లాడుకునే తీరిక లేదు. మేస్త్రీ తలుపు బిగించిన ప్రతి ఇంట్లోనూ, తలుపు సరిగ్గా పడుతుందో లేదో చూపిస్తూ ఆదివారం ఆట సంగతి చెప్పాడు. కండక్టరు బస్సులో టికెట్టుతో పాటు కబురు కూడా ఇచ్చాడు. శ్రీకాకుళం ఫ్యాక్టరీ క్యాంటీను చూసుకున్నాడు. వాట్సాప్‌లో పంపడానికి నేను ఆహ్వానం రాశాను. నాలుగు వాక్యాలు, శుభ్రమైన తెలుగు. మేస్త్రీ ఫోను కళ్ళకు దూరంగా పట్టుకుని చూసి, "బాగుండాది సార్. ఇది మా వాళ్ళలో ఎవరు చదవతారు?" అన్నాడు.

ఆ నాలుగు తెలుగు వాక్యాలనూ ఆయన కూతురు తమిళ అక్షరాల్లో రాసి పెట్టింది. అదే అన్ని ఫోన్లకూ వెళ్ళింది. తెలుగు సినిమాకు తెలుగులో పిలుపు, తమిళ లిపిలో. అప్పుడే నాకు కాస్త ఆలోచన రావలసింది. రాలేదు.

ఆ ఆదివారం హాలు నిండింది. అంచెట్టి నుంచి పొద్దుటి బస్సులో రెండు కుటుంబాలు అన్నం కట్టుకుని వచ్చాయి. జూజువాడి చెక్‌పోస్టు దగ్గర లారీలకు పంక్చర్లు వేసేవాళ్ళు చేతులు కడుక్కుని గుంపుగా వచ్చారు. ఫ్యాక్టరీ వాళ్ళు రాత్రి షిఫ్టు దిగి నిద్ర మానుకుని వచ్చారు. శ్రీకాకుళం భార్య ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. సినిమాకు పట్టుచీరేమిటని భర్త అన్నాడట. రెండేళ్ళ సినిమాలకు ఒకటే చీర కదా అందట.

మొదటి సగంలో నేను తెరను సగమే చూశాను. కథలో హీరో బామ్మ ఒకావిడ ఉంది, నోరు విప్పితే హాలు గొల్లుమంటుంది. అందరికంటే అరక్షణం ముందు మా వరుస చివర, శ్రీకాకుళం భార్య దగ్గర నవ్వు మొదలయ్యేది. రెండు మూడు సార్లయ్యాక మేస్త్రీ తెర వదిలేసి ఆవిడ ఎప్పుడు నవ్వుతుందా అని చూడసాగాడు. ఇంటర్వెల్‌లో ఆవిడ పఫ్ తింటూ, "ఈ దర్శకుడి ముందు సినిమాలో కూడా బామ్మే బాగుంటాది బాబాయ్," అని ఆయనకు చెప్పింది. మేస్త్రీ అది పేపర్లో చదివిన వార్తలాగా మాకు మళ్ళీ చెప్పాడు.

రెండో సగం ఓడరేవులో పెద్ద కొట్లాటతో మొదలైంది. పది నిమిషాలు ఎవరూ మాట్లాడరు. కొట్లాటకు భాష లేదు. తరువాత కోర్టు. అక్కడే ఆవిడ లేచింది.

మేనేజరు టార్చి పట్టుకుని పరుగున వచ్చాడు. బొమ్మ ఆగింది, దీపాలు వెలిగాయి.

"ఏమైందప్పా?"

"తమిళం వస్తాంది."

"ఎప్పట్నుంచి?"

ఆపరేటరు పైనుంచి తల బయట పెట్టి యంత్రం చూసి చెప్పాడు, పదిహేడు నిమిషాలని. రెండు భాషల మాటలూ ఆ యంత్రంలోనే ఉన్నాయి. ఇంటర్వెల్ తరువాత ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కాడు. అతనిది కన్నడం ఇల్లు. అతనికీ తెలియలేదు.

మేనేజరు హాలు వైపు తిరిగాడు. "అందరికీ అర్థమౌతానే ఉండాది కదా. ఇట్లే పోనిస్తామా?"

ఆవిడ ఇంకా నిలబడే ఉంది. కూర్చోమని భర్త కొంగు లాగుతున్నాడు. అప్పుడు మేస్త్రీ లేచాడు.

"అర్థమయ్యేది వేరేప్పా. ఆ యమ్మ అర్థం చేసుకొనేకి రాలేదు, నవ్వేకి వచ్చింది. రెండో సగం మొదట్నించి వెయ్యి."

"మొదట్నించంటే మ్యాట్నీకి ఆలస్యమౌతాది మేస్త్రీ."

"ఫైటు కూడా మళ్ళీ వెయ్యాల!" అని వెనక నుంచి ఒక పంక్చరాయన అరిచాడు. దానితో తీర్మానం నెగ్గింది. న్యాయం కోసం నోరు మెదపని హాలు కొట్లాట రెండోసారి చూడడానికి ఈలలేసింది.

మళ్ళీ వేశారు. కోర్టులో జడ్జి ఒక జోకు వేస్తాడు. దానికి మేం తమిళంలో ఒకసారి నవ్వి ఉన్నాం. ఈసారి ఆవిడ నవ్వేదాకా ఆగి, ఆవిడతో కలిసి నవ్వాం. మొదటిసారికంటే పెద్దగానే నవ్వాం.

బయటికి వచ్చేటప్పుడు, మ్యాట్నీకి వచ్చి ఎండలో నిలబడ్డవాళ్ళు మమ్మల్ని కోపంగా చూశారు. మేనేజరు గుమ్మం దగ్గర మేస్త్రీ చెయ్యి పట్టుకున్నాడు.

"హాలు నిండింది. నీ మాట నిలబడింది. కానీ మేస్త్రీ, ఒక్కరికి తప్ప ఇంకెవరికీ తెలవలేదే. రేపు ఓనరుకు నేనేమి చెప్పేది?"

"ఇడ్లీ అడిగితే దోశ పెట్టినావు. ఆకలి మీద తినేసినాము," అన్నాడు మేస్త్రీ. "తిన్నారు కదా, ఇంక ఇడ్లీ ఎందుకంటే ఎట్లప్పా?"

మేనేజరు పగలబడి నవ్వాడు. నవ్వి, "ఓనరు కృష్ణగిరిలో ఉంటాడు. అడిగి చెప్తాను," అన్నాడు.

ఆ తరువాత మా ఆదివారాలు సరదాగా సాగాయి. "ఏమప్పా శ్రీకాకుళం, తమిళమని కూడా తెలవకుండా చూసినావు, ఇంక నీకు ఈ ఊళ్ళో రేషన్ కార్డు ఇయ్యొచ్చు," అంటాడు కండక్టరు. శ్రీకాకుళం సిగ్గుపడతాడు; లోలోపల సంతోషంగానే ఉంటాడని నా అనుమానం. మేస్త్రీ తనకు ముందే అనుమానం వచ్చిందంటాడు. "పెదాలు ఒక పక్క, మాట ఒక పక్క పోతా ఉండె. కండ్లద్దాలు మార్చల్ల అనుకొన్నాను." ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు ఆవిడ కూడా డబ్బాలో చేగోడీలు పట్టుకుని బెంచీ దగ్గరకు వస్తోంది. మేస్త్రీ వాయిదా వార్త చెప్పగానే, నా కంటే ముందే, "ఎవరు చెప్పారు బాబాయ్?" అంటుంది.

ఒక విషయం నేను వాళ్ళకు చెప్పలేదు. వృత్తి అలవాటు కొద్దీ, తమిళంలో విన్న మొదటి వాక్యం ఏదో గుర్తు తెచ్చుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను. కోర్టులో హీరో నోరు తెరిచి అన్న మాట గుర్తుంది. కానీ అది నాకు తెలుగులోనే గుర్తుంది. వాక్యం వాక్యంగా, నేనింకా తెలుగులో విననప్పటిది కూడా. మేస్త్రీని మాటవరసకు అడిగి చూశాను. ఆయన కూడా తెలుగులోనే చెప్పాడు. ఓనరు ముందు పెట్టడానికి ఇది సాక్ష్యం కాదు. అయినా నాకు మాత్రం ఇది ఆ రోజు జరిగిన వాటిలో ముఖ్యమైన వార్త.

రేపు శుక్రవారం ఇంకో పెద్ద సినిమా విడుదల. టీకొట్టు ఎదుటి గోడ మీద పోస్టరు పడింది. పేరు, హీరో మొహం, నాలుగు ఆటల వేళలు, అన్నీ తమిళ అక్షరాల్లో. ఏ ఆట ఏ భాషలోనో చెప్పే చిన్న చీటీని అడుగున విడిగా అంటిస్తారు. మేస్త్రీ నిన్న పనికి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి ఆగి చూశాడట. ఓనరు ఏమన్నాడో మేనేజరు ఇంకా చెప్పలేదు. ఓనరు కృష్ణగిరిలోనే ఉన్నాడని కండక్టరు కబురు తెచ్చాడు, అంతకుమించి తెలియదన్నాడు. శ్రీకాకుళం భార్య ఆకుపచ్చ చీర ఇస్త్రీకి ఇచ్చింది. నేను ఇది రాస్తున్న గురువారం సాయంత్రం అయిదింటి వరకు ఆదివారం పొద్దుటి ఆట కింద ఏ చీటీ అంటించలేదు.