చిరునామా గడి

ఆ రోజు ఇల్లు చూపించింది నేనేనని సార్‌కు తెలుసా? ఇరవై ఏళ్లుగా మోస్తున్న ప్రశ్న ఇది. పోయిన మంగళవారం సార్ ఇక లేరని ఫోన్ వచ్చినప్పుడు, ఏడుపు కంటే ముందు అదే గుర్తొచ్చింది. ఇక అడగడానికి ఆయన లేరు.

అశోక్‌నగర్‌లో ఓ మేడ మీద, రేకుల కింద, ఆయన పోటీ పరీక్షలకు చరిత్ర చెప్పేవారు. సిలబస్‌లో లేకపోయినా ప్రతి బ్యాచ్‌కూ ఒకే మనిషి జీవితం చెప్పేవారు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఫిన్లాండ్‌లో దేశం పేరు చెప్పి జనాన్ని వెంట తిప్పుకున్న ఒక రైతు నాయకుడు. ఆ నాయకుడి మనుషులు తమకు గిట్టనివాళ్లను ఇళ్లలోంచి లాక్కెళ్లి, కార్లలో కుక్కి, కొట్టి, సరిహద్దు అవతలికి తోసేసేవారు.

"రాక్షసుడనుకుంటున్నరా? మనలాంటి మనిషే. పొలం, ఇల్లు, పిల్లలు," అనేవారు సార్. "కార్లు ఎవరివని కాదు, ఇల్లు ఎవరు చూపిచ్చిండ్రు? గా సంగతి అడుగుండ్రి."

అందుకేనేమో, ఆయన హాజరు పట్టీలో చిరునామా గడి ఎప్పుడూ ఖాళీయే. "ఫిన్లాండ్ కారు అశోక్‌నగర్ దాకా రాదు సార్," అని ఒకసారి నేనే ఎగతాళి చేశాను. సార్ కూడా నవ్వారు. "రాదమ్మా. ఈడున్న కార్లే చాలు."

మా క్లాసులో మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒకమ్మాయి ఉండేది. ఒక ఊరేగింపులో జరిగిన కొట్లాట గురించి ఆమె పత్రికకు ఉత్తరం రాసింది. అది అచ్చయిన వారంలోపే నలుగురు ఆమెను వెతుక్కుంటూ క్లాసుకు వచ్చారు. ఆమె ఎక్కడుంటుందో తెల్వదన్నారు సార్. కింద మెట్ల దగ్గర నిలబడ్డ నన్ను వాళ్లలో ఒకతను ఎంతో మర్యాదగా అడిగాడు.

"అక్కా, జర ఆమె రూము ఏడనో చెప్తవా? వాళ్ల ఊరి నుంచి వచ్చినం."

మన దగ్గర అడ్రసు అడిగితే గల్లీ దాకా వెళ్లి చూపించడం అలవాటు. పిండి గిర్నీ పక్క సందు, ఆకుపచ్చ గేటు అని చేయి చాపి మరీ చెప్పాను.

మర్నాడు ఆ గదికి తాళం. ఊరికి పోయిందన్నారు కొందరు. ఆమె మళ్లీ రాలేదు.

ఆ సాయంత్రం సార్, మేం విన్నదే అయినా, ఫిన్లాండ్ కథ మళ్లీ చెప్పారు. చివర బోర్డు వైపు తిరిగి, సుద్దముక్క చేతిలో నలుపుతూ, "చూపిచ్చినోళ్లకు గూడ భయమైతది, పాపం," అన్నారు. నా వైపు చూడలేదు. తర్వాత రెండేళ్లు నాకు ఫీజు లేకుండా చదువు చెప్పారు, తన చాయ్‌లో సగం సాసర్లో పోసి ఇచ్చేవారు. నేనివాళ పాఠం చెప్పి బతుకుతున్నానంటే ఆయన చలవే. ఎవరైనా అడ్రసు అడిగితే మాత్రం ఇప్పటికీ తెలియదనే చెప్తాను.

నిన్న చిక్కడపల్లిలో సంతాప సభ. గుమ్మం దగ్గర పెద్ద పుస్తకం పెట్టారు: పేరు, చిరునామా, సంతకం. పేజీలు తిప్పాను. పాత విద్యార్థులంతా పేరు రాశారు, సంతకం చేశారు. చిరునామా గడి మాత్రం ఒక్కరూ నింపలేదు. ఆమె పేరు కోసం చివరి దాకా వెతికాను. లేదు.

ఆయనకు తెలిసే నన్ను క్షమించారా, తెలియకనే దగ్గరికి తీశారా? తేల్చుకోలేకపోతున్నాను. పేరు రాసి, పెన్ను ఆ ఖాళీ గడి మీద పెట్టి, వెనక ఎవరో "జర జరుగమ్మా" అనేదాకా అలాగే నిలబడ్డాను.