ప్రశ్నలో లేని సంగతులు

డ్రీమా లిల్లీకి ఉన్నది ఒకటే జబ్బు. పరీక్ష ప్రశ్నల్లో కనిపించే రోగులు ఎవరో గదిలో కూర్చుని అల్లిన మనుషులన్న సంగతి ఆమె బుర్రకెక్కదు. ప్రశ్న చదివి వినిపిస్తే జవాబు చెప్పదు. ఆ రోగి ఇల్లెక్కడ, ఎవరితో వచ్చాడు, పొద్దున ఏమైనా తిన్నాడా అని ఆరా తీస్తుంది. అవి తేలేదాకా రెండో ప్రశ్నకు పోనివ్వదు. ప్రశ్నలో ఉండవు గనక అవి ఎన్నటికీ తేలవు.

ఇలాంటి మనిషితో కలిసి పరీక్షకు చదవాల్సిన రాత నెడ్రాకు పట్టింది.

ఆ పరీక్ష నెగ్గితే నర్సు ఇంకొకరి సంతకం కోసం కాచుకోనక్కర్లేదు. మనసుకు జబ్బు చేసినవాళ్ళను తనే చూసి తనే మందు రాయొచ్చు. వెస్ట్ వర్జీనియా కొండల్లో ఇది చిన్న సంగతి కాదు. బొగ్గు తవ్వుకున్నన్నాళ్ళు తవ్వుకుని గనుల యజమానులు వెళ్ళిపోయారు. వాళ్ళ వెనకే రైలు పోయింది, రైలు వెనకే డాక్టర్లు పోయారు. మిగిలింది దగ్గు, నడుంనొప్పి, ఆ నొప్పికి అలవాటైన మాత్రలు. కౌంటీ క్లినిక్‌లో మందులు రాసే డాక్టరు కంప్యూటరు తెర మీద మాత్రమే కనిపించేవాడు. ఇప్పుడు ఆ తెరా ఆరిపోబోతోంది. మిగిలిన దిక్కు ఈ ఇద్దరు నర్సులే. పై చదువు ఇద్దరూ పూర్తి చేశారు. పరీక్ష నెడ్రా రెండుసార్లు తప్పింది. డ్రీమా ఒక్కసారీ రాయలేదు. ఎలా రాస్తుంది? ఆమె ఇంకా మొదటి ప్రశ్న దగ్గరే ఉంది.

చదువంతా నెడ్రా కారులోనే సాగేది. కొండ సందుల్లోని ఇళ్ళకు ఇంటర్నెట్ అందదు. నిధులు కోసేశారని లైబ్రరీకి మధ్యాహ్నమే తాళం పడుతుంది గానీ, లోపలి ఇంటర్నెట్ గోడ దాటి కార్లు నిలిపే చోటుకు వస్తుంది. సాయంత్రమైతే సగం ఊరు అక్కడే. ఒక కారులో పిల్లలు హోంవర్కు, ఒక కారులో ఎవరిదో ఉద్యోగం వేట, ఇంకొక కారులో వీళ్ళిద్దరూ. డ్రీమా డబ్బా నిండా బీన్స్, రేకు కాగితంలో మొక్కజొన్న రొట్టె తెచ్చి ముందు సీటు మీద పరిచేది.

"ముప్పయ్యెనిమిదేళ్ళ మగమనిషి," నెడ్రా చదివేది. "భార్య క్లినిక్‌కి తీసుకొచ్చింది. కొద్ది రోజులుగా నిద్ర లేదు. ఆగకుండా మాట్లాడుతున్నాడు. ఈ వారంలో మూడు ట్రాక్టర్లు కొన్నాడు. లిథియం మందు మొదలుపెట్టే ముందు ఏ పరీక్షలు చేయించాలి?"

"మూడు ట్రాక్టర్లా!"

"డ్రీమా, పరీక్షల సంగతి అడుగుతున్నాడు."

"పొలం ఎంతుందట?"

"పొలం సంగతి లేదు."

"పొలమే లేకపోతే మూడు ట్రాక్టర్లు అప్పుకిచ్చిన వెధవ ఎవడు? వాడికి చేయించాలి పరీక్షలు. ఈయన మాత్ర వేసుకుని పడుకుంటాడు బంగారం, లేస్తాడు, నిమ్మళిస్తాడు, వాకిట్లో మూడు ట్రాక్టర్లుంటాయి. అప్పుడా కట్టుకున్న పిల్ల ఏం చేస్తుంది? అది రాశాడా?"

"రాయలేదు."

"నాకు తెలుసు రాయడని. రొట్టె తిను."

వారం గడిచినా వాళ్ళు ట్రాక్టర్ల దగ్గర నుంచి కదల్లేదు. రెండు వెనక్కి ఇచ్చేసి ఒకటి ఉంచుకోవడం మేలని డ్రీమా చివరికి తీర్పు చెప్పాక గానీ నెడ్రాకు తర్వాతి ప్రశ్న చదివే భాగ్యం దక్కలేదు.

ఆ ప్రశ్నకు సరైన జవాబు, 'రోగిని వెంటనే మానసిక చికిత్స విభాగంలో చేర్చాలి.'

"ఎక్కడ?" అంది డ్రీమా.

"ఆస్పత్రిలో."

"ఏ ఆస్పత్రిలో? మొన్న ఆ సైజ్‌మోర్ వాళ్ళ కుర్రాణ్ణి ఎమర్జెన్సీ వరండాలో బల్ల మీద ఎన్ని రోజులు పడుకోబెట్టారు? పక్కన పోలీసాయన కుర్చీలో గురకపెడుతూ. రాష్ట్రం మొత్తం ఫోన్ చేశాను, మంచం ఖాళీ లేదన్నారు."

"పరీక్షలో మంచం ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. ట్రైనింగ్ వీడియోలో ఆయన చెప్పాడు కదా, మీ ఊరు మర్చిపోయి జవాబు రాయండని."

డ్రీమా చెంచా పక్కన పెట్టింది.

"ఆ ఊళ్ళో మంచాలుంటాయి. ఫోన్ చేస్తే డాక్టరు ఎత్తుతాడు. ఇన్సూరెన్స్ వాడు కాదనడు. మందుల షాపులో మందుంటుంది. అంతేనా?"

"అంతే."

"బస్సు కూడా ఉంటుందేమో?"

"ఉంటుంది."

"అయితే ఈ పరీక్ష ఎందుకు బంగారం, ఇద్దరం ఆ ఊరికే పోదాం. ఇల్లు అద్దెకి దొరుకుతుందేమో చూడు."

నెడ్రాకు నవ్వు రాలేదు. ఒకప్పుడైతే వచ్చేది. చలికాలంలో అమ్మ పోయింది. అమ్మ మంచం పక్కనే కూర్చుని చదివిన చదువు అది. ఆ ఇంట్లో ఇప్పుడు చదవడానికి అడ్డొచ్చే దగ్గు లేదు, పిలుపు లేదు, అయినా అక్షరం లోపలికి పోవడం లేదు. మందుల పేర్లు పొద్దున వస్తాయి, మధ్యాహ్నానికి వెళ్ళిపోతాయి. రెండుసార్లూ పరీక్ష గదిలోంచి బయటికొచ్చి, ఫలితం కాగితం మడిచి, కారులో అద్దాలు బిగించుకుని కూర్చున్న ఆ కాసేపే ఆమె బతుకంతా అయిపోయింది. మిగతాదంతా అక్కడికి తిరిగి వెళ్ళే దారిలా ఉంది.

"ఈసారి తప్పితే ఆపేస్తాను," అందొకరోజు.

"పరీక్షలా?"

"అన్నీ."

డ్రీమా రొట్టె ముక్క ఆమె చేతిలో పెట్టింది. తర్వాతి ప్రశ్న చదవమంది. తనంతట తాను అలా అడగడం అదే మొదటిసారి గనక నెడ్రా ఆశ్చర్యపోయింది.

"యాభై ఏళ్ళ స్త్రీ. పాతకాలపు డిప్రెషన్ మందు వాడుతోంది. స్నేహితుల ఇంట్లో విందుకు వెళ్ళింది..."

"ఆగాగు. మళ్ళీ చదువు."

"ఏం?"

"విందుకు వెళ్ళిందా? ఎవరో పిలిచారన్నమాట! ఆవిడకి నేస్తాలున్నారు! ఇన్ని ప్రశ్నల్లో ఎవరికీ లేరు కదే!" డ్రీమా మొహం వెలిగిపోయింది. "ఏ డ్రెస్సు వేసుకుందో?"

"అక్కడ బాగా మాగిన చీజ్ తిన్నది. తలనొప్పి, రక్తపోటు విపరీతంగా పెరిగాయి."

"అయ్యో! పాపం ఇన్నాళ్ళకి గడప దాటితే, ఒక్క చీజ్ ముక్క తిననివ్వలేదా నాయనా ఈ ప్రశ్న రాసినవాడు! వాడికసలు పెళ్ళయిందా?"

పక్క కారులో హోంవర్కు రాసుకుంటున్న పిల్లలు తలెత్తి చూశారు. ఆ సాయంత్రమంతా, విందు ఇచ్చినవాళ్ళు ఆవిణ్ణి మళ్ళీ పిలుస్తారా, తలనొప్పి తెచ్చుకున్న మనిషని మానేస్తారా అన్న చర్చతో గడిచిపోయింది. చీకటి పడ్డాక నెడ్రా కారు స్టార్టు చేయబోతే, "ఒక్క మాట, ఆవిడ ఇంటికి ఎలా వెళ్ళింది?" అని తాళం చెవి మీద చెయ్యి వేసింది డ్రీమా. అది ఇంకో అరగంట మింగింది.

ఇలా అయితే పాసైనట్టే అనుకుంది నెడ్రా. విసుగొచ్చేది. తర్వాత్తర్వాత విసుక్కోవడమూ మానేసింది. తన పిల్లి డంప్లింగ్‌ను, చదువుకు అడ్డొస్తోందని చెప్పి, డ్రీమాకు ఇచ్చేసింది. పిల్లి వెంట్రుక గాలిలో ఉంటే చాలు డ్రీమా తుమ్ముతుంది. అయినా "ఇవ్వు" అని తీసుకుని, ముక్కు ఎర్రగా చేసుకుని తిరిగింది. మంచు కాలానికి కొనుక్కున్న కొత్త బూట్లు క్లినిక్‌లో ఊడ్చే ఆమెకు ఇచ్చేసింది నెడ్రా. పరీక్ష దగ్గరపడే కొద్దీ ఆమె మొహంలో కంగారు తగ్గి ఒకలాంటి నిమ్మళం వచ్చింది. బాగా తేరుకున్నావని క్లినిక్‌లో అందరూ మెచ్చుకున్నారు. రోజంతా మనసు జబ్బులతోనే పని చేసే చోటది. అయినా అక్కడ ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఎవరికైనా ఆగి చూసే తీరిక ఉంటే గదా.

పరీక్షకు ముందు వారం. వాన. కారు అద్దాలు మసకబారి ఉన్నాయి.

"ఇవాళ నేను చదువుతా," అంది డ్రీమా. కళ్ళజోడు పెట్టుకుని, ఫోను చెయ్యి చాపినంత దూరంలో పట్టుకుంది. "నలభై ఏళ్ళు దాటిన స్త్రీ. నర్సు. చలికాలంలో తల్లి పోయింది. తిండి తగ్గింది. పెంచుకున్న పిల్లిని ఇచ్చేసింది. కొత్త బూట్లు ఇచ్చేసింది. అన్నీ ఆపేస్తానని ఒకసారి అన్నది. ఇప్పుడు ఉన్నట్టుండి నిమ్మళంగా ఉంది. ఆమెతో పని చేసే స్నేహితురాలు మొట్టమొదట ఏం చేయాలి?"

నెడ్రా మసకబారిన అద్దాన్ని అరచేత్తో తుడిచింది.

"ఏ, అన్నీ సర్దుకుంటాయని చెప్పాలి. బి, మాట మార్చి వాన గురించి మాట్లాడాలి. సి, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాలి. డి, బీన్స్ పెట్టాలి."

"ఆ నర్సు ఇల్లెక్కడ?" అంది నెడ్రా. "ఇంట్లో ఎవరున్నారు?"

"ప్రశ్నలో లేనివి అడక్కు."

"నువ్వా ఆ మాట అనేది!"

"జవాబు చెప్పు."

"సి," అంది నెడ్రా. ఆ ఒక్క ప్రశ్న ఆమె ఎప్పుడూ తప్పలేదు.

"సరైన జవాబు." డ్రీమా ఫోను ఒళ్ళో పెట్టింది. దాని తెర అసలు వెలగనే లేదని నెడ్రా అప్పుడు చూసింది. "అయితే అడుగుతున్నా. నెడ్రా, చచ్చిపోవాలనిపిస్తోందా నీకు?"

లేదని చెప్పడం తేలికే. ఆ మాట ఎలా చెబితే నర్సులు నమ్ముతారో నెడ్రాకు తెలుసు. కానీ ఈమె ఒక ప్రశ్న పట్టుకుంటే వారమైనా వదలదు.

"చావాలని కాదు," అంది చివరికి. "పొద్దున్నే లేవకపోతే బాగుండు అనిపిస్తుంది. ఈమధ్య అది... కాస్త పెద్దదవుతోంది."

డ్రీమా ఏడవలేదు, ఓదార్చలేదు. నెడ్రా ఇంట్లో ఆమె నాన్న తుపాకీ ఇంకా ఉందా అని అడిగింది. ఉంది. అమ్మ మందులు? అవీ ఉన్నాయి. "రెండూ ఈ సాయంత్రమే మా తమ్ముడింటికి పోతాయి. నేను నీ ఇంటికొస్తున్నా. రేపు పొద్దున్నే చూపించుకోవడానికి ఫోన్ చేద్దాం. వద్దనకు, నీ జవాబు ఎవరూ అడగలేదు."

"వారం రోజుల్లో పరీక్ష డ్రీమా."

"తేదీ వాయిదా వేయిస్తాం. అది పరీక్ష, పురుడు కాదు."

నెడ్రాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ముక్కు తుడుచుకుంటూ అంది, "నీ పరీక్ష సంగతేంటి? ఒక్క ప్రశ్న దాటనిదానివి."

డ్రీమా కళ్ళజోడు తీసి తుడిచింది. "ట్రాక్టర్ల ఆయనకి ముందు కిడ్నీలూ థైరాయిడూ చూడాలి. చీజ్ ఆవిడకి ఆ మందూ చీజూ కలిసి పడలేదు, రక్తపోటు దించాలి, ఎమర్జెన్సీకి పంపాలి. ఆ ప్రశ్నల పుస్తకం వెనక అట్ట నుంచి ముందు అట్టదాకా అడుగు, చెబుతా."

"మరి ఇన్నాళ్ళూ?"

"గబగబా చెప్పేస్తే చదువు అయిపోయేది. అయిపోతే నువ్వు కారు స్టార్టు చేసి ఆ ఇంటికి పోయేదానివి. నాకేమో ఇంకేం చెప్పి కూర్చోబెట్టాలో తెలియలేదు." ఆగి, నిజాయితీగా, "ముందే అడగాల్సింది. ధైర్యం చాలక ట్రాక్టర్లు పట్టుకున్నా. కానీ ఆ ట్రాక్టర్ల ఆయన భార్య గురించి నాకు నిజంగానే దిగులు. అది నటన కాదు," అంది.

మర్నాడు అవతలివాళ్ళు ఫోన్ ఎత్తడానికే సగం పొద్దు పట్టింది. తమ క్లినిక్‌లో పనిచేసేవాళ్ళను అక్కడే చూడకూడదు గనక పక్క కౌంటీకి చేయాల్సి వచ్చింది. మొదట ఆరు వారాల తర్వాత రమ్మన్నారు. డ్రీమా ఫోన్ లాక్కుని, ఆ ఆరు వారాలూ మనిషి ఎక్కడ ఉండాలో, ఏం తినాలో, రోజుకెన్ని గంటలు బతకాలో విడివిడిగా అడిగింది. అవతలివాళ్ళు గురువారం రమ్మన్నారు.

తర్వాత ఫోన్ నెడ్రా చేతికి వచ్చింది. అవతల గొంతు కాగితం చూస్తూ అడుగుతోంది. పేరు, ఊరు, పుట్టిన తేదీ.

"గురువారం మిమ్మల్ని ఎవరు తీసుకొస్తారు?"

"ఉన్నారు."

"ప్రస్తుతం ఇంట్లో మీతో ఎవరైనా ఉంటున్నారా?"

నెడ్రా వంటింట్లోకి చూసింది. డ్రీమా ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి, ఒక్కో డబ్బా తీసి వాసన చూస్తూ, ఇది ఎప్పటిది, ఇది ఎవరు వండారు, ఇది ఎందుకిలా అయింది అని వాటినే నిలదీస్తోంది.

"ఉన్నారండీ," అంది నెడ్రా. "పొమ్మన్నా పోరు."

"ఆమెని అడగమను!" వంటింట్లోంచి కేక వచ్చింది. "పొద్దున ఏం తిన్నావో ముందు అడగమను! అది రాసుకుందా?"

అవతల గొంతు ఒక క్షణం తడబడి, ఆ సంగతి తమ ప్రశ్నల్లో లేదంది.

నెడ్రా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చాలా నెలల తర్వాత ఆమెకు కడుపులోంచి నవ్వొచ్చింది.

"ఆ మాట మాత్రం గట్టిగా అనకండి," అంది. "గురువారం దాకా ఫోన్ పెట్టనివ్వదు."