ఫోన్ రాకపోతే విత్తుకో

సూరత్‌లో మగ్గాల మధ్య నిలబడి పాలమూరు వానల సంగతి చెప్పే ఉద్యోగం నాకెవరూ ఇవ్వలేదు. నెత్తిన పడింది. వాన కబుర్లు మెసేజ్‌లో పంపుతామని రైతుల నంబర్లు రాసుకునేవాళ్లు ఊరికి వచ్చినప్పుడు ఇంట్లో ఫోన్ నాదొక్కటే, అక్క ఆ నంబరే ఇచ్చింది. అది జేబులో వేసుకుని నేనిక్కడికి వచ్చేశాను. వాతావరణ సలహాలూ నా వెంటే వచ్చాయి. తర్వాత అక్క చిన్న ఫోన్ కొనుక్కుంది కానీ ఆమెకు చదువు రాదు. బావ పోయాక వాన మీదే పండే ఎకరన్నర చెలక ఒక్కతే చేస్తోంది. పత్తి గింజలు ఏడాదికి ఒక్కసారే కొనగలదు. తడి తప్పితే ఆ ఏడు పోయినట్టే.

కరోనా మొదటి ఏడాది, లాక్‌డౌన్ సడలించాక మగ్గాలు మళ్లీ నడిచాయి. ఊళ్లకు పోయినవాళ్ల పని కూడా మాకే చుట్టారు. నవాగామ్ బస్తీలో మా గదికి చేరేసరికి అన్నం కలుపుకునే ఓపిక ఉండేది కాదు. అక్క మాత్రం రోజూ ఫోన్ చేసి, "ఏమొచ్చింది తమ్మీ?" అనేది. రోజూ ఒకటే, తేలికపాటి వర్షం పడొచ్చని. ఒకనాడు ఒళ్లు మండింది.

"ఊకూకె ఫోన్ జెయ్యకక్కా. విత్తొద్దని మెసేజ్ వస్తే నేనే జేస్త. జెయ్యలేదంటే మంచిగున్నట్టే, ఏసుకో."

"సరే తమ్మీ" అంది. మళ్లీ చేయలేదు. హాయిగా ఉందనుకున్నాను, సిగ్గులేకుండా.

ఊళ్లో తొలకరి పడిన మర్నాడే నాకు జ్వరం తగిలింది. గదిలోవాళ్లు హడావిడిగా ఆస్పత్రిలో చేర్చారు. ఫోన్ గదిలోనే ఉండిపోయింది. అక్క గుర్తు రాకపోలేదు. కానీ కిటికీ బయట సూరత్ వాన ఆగకుండా పడుతుంటే అక్కడా పడుతుందిలే అని కళ్లు మూసుకున్నాను. ఎవరినీ ఫోన్ అడిగే ఓపిక లేదు.

రెండు వారాలకు తిరిగొచ్చి చార్జింగ్ పెడితే మెసేజ్‌లు వరసగా వచ్చి పడ్డాయి. రెండోది చదివి వెంటనే అక్కకు ఫోన్ కలిపాను. రాబోయే పది రోజులు వాన ఉండదు, ఇప్పుడే విత్తవద్దు.

"అక్కా, గింజలేసినవా?"

"ఏసిన. నాలుగు దినాలు జూసిన, నీ ఫోన్ రాలే. అన్నీ భూమిల్నే మాడినయి తమ్మీ."

గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది. ఆస్పత్రి సంగతి చెప్పి, తప్పంతా నాదే అన్నాను. గింజలు పోయాయని ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

"ఫోన్ రాలేదంటే నువ్వు గూడ మంచిగున్నవనే అనుకున్న గద రా. గన్ని దినాలు నిమ్మలంగ పండుకున్న."