గోడ వెనక నుంచి పోసిన నీళ్లు

మా చిన్నప్పుడు... మే నెల మిట్టమధ్యాహ్నం, నాంపల్లి స్టేషన్ వెనక మా గల్లీలో షాబాద్ బండల మీద నిలబడే ప్రాణి ఒక్కటే ఉండేది. మోతీ. నిలబడగలిగి కాదు... మెడకు గొలుసు ఉండి.

మోతీ మాది కాదు. ముందరింటాయనది. ఆయన గన్‌ఫౌండ్రీలో ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగి, మేమున్న కాంపౌండ్‌కు ఓనరు. వెనక పోర్షన్లలో కిరాయికి ఉన్నవాళ్లందరికీ కలిపి ఒకే ఒక్క నల్లా... అదీ ఆయన ముంగిట్లో. పొద్దున ఆయన గేటు తీస్తే మా కాగుల్లో నీళ్లు. తీయకపోతే లేవు. అందుకే ఆయన జోకు వేస్తే అందరూ నవ్వేవాళ్లు.

సాయంత్రం చుట్టాలొస్తే ఆయనకొక వేడుక. పిల్లల్లో ఎవరో ఒకరిని పిలిచి, చేతికి రొట్టెముక్క ఇచ్చి మోతీ ముందు పట్టమనేవాడు. అది నోరు చాపితే బెత్తం దెబ్బ. చాపకపోతే చుట్టాల చప్పట్లు. కాపలా కుక్క పరాయి చేతిది ముట్టకూడదట... దొంగలు మందు పెడతారట. దొంగలు ఆశపడేంత వస్తువేదీ ఆ ఇంట్లో నాకెప్పుడూ కనబడలేదు.

కొన్నాళ్లకు మోతీ నేర్చుకుంది. రొట్టె చూడగానే తల తిప్పుకునేది. శిక్షణ అంటే ఇదీ అని మెచ్చుకునేవాళ్లు...

ఒకనాడు కాచిగూడలో పెళ్లి ఉందని వాళ్లు ఇంటిల్లిపాదీ పొద్దున్నే బయల్దేరారు. వాళ్ల ముంగిటి చువ్వల గేటుకు తాళం. గేటు పక్క గోడకున్న ఇనుప రింగుకు మోతీ. దాని ముందు సత్తుగిన్నెలో నీళ్లు. వాళ్లు వెళ్లేటప్పుడు అక్కడ నీడే ఉంది. ఎండ ఎక్కేసరికి నీడ పోయింది... గొలుసు తగిలి గిన్నె బోర్లా పడింది.

మొదట అరిచింది. తర్వాత మూలిగింది. తర్వాత ఏ చప్పుడూ లేదు... ఆ చప్పుడు లేకపోవడం వినే అమ్మ చేతిలో చాట పక్కన పెట్టి లేచింది.

చువ్వల కిందినుంచి తాంబాళంలో నీళ్లు లోపలికి జరిపింది. మోతీ మూతికి తగిలేదాకా జరిపింది. అది నీళ్లవైపు చూసింది... అమ్మవైపు చూసింది... నాలుక వేలాడుతుండగానే తల తిప్పుకుంది.

“తాగు బిడ్డా... ఎవ్వలు గొట్టరు,” అంది అమ్మ.

తాగలేదు.

పక్క పోర్షన్‌లో ఒక బడిపంతులు ఉండేవాడు. పిల్లలచేత భూతదయ మీద వ్యాసాలు రాయించేవాడు. కిటికీలోంచే సలహా చెప్పాడు... ఓనర్ వచ్చేదాకా ఆగమని, ఒకరి కుక్క జోలికి పోతే మనకే మాట వస్తుందని. చెప్పి, ఎండ పడుతోందని కిటికీ మూసుకున్నాడు.

నాన్న ఉస్మాన్‌గంజ్‌లో ఒక కొట్లో పనిచేసేవాడు. అన్నానికి వచ్చి ఇది చూసి హడలిపోయాడు.

“ఎవలి కుక్కనే గది? రేపు నల్లా బంద్ జేస్తే పోరగాండ్లకు ఏం తాపుతవ్?”

“స్టేషన్ కాడ సర్కారీ నల్లా ఉన్నది, మోస్కొస్త. గొలుసుల ఉన్నది ఏడికి వోయి తెచ్చుకుంటది, జెప్పు.”

 నాన్న లోపలికి వెళ్లి, మిగిలిన నీళ్ల బిందె తనే ఎత్తుకొచ్చి గోడ దగ్గర దించాడు.

అమ్మకు అప్పటికి సంగతి అర్థమైంది. మమ్మల్నందరినీ గేటు దగ్గర్నుంచి తరిమేసింది. తను గోడ వెనక వంగి, కనబడకుండా, చెంబుతో నీళ్లు గోడమీదుగా అవతలికి విసిరింది. బండలు సుయ్యిమన్నాయి. మళ్లీ విసిరింది... మళ్లీ... కాస్సేపటికి గొలుసు కదిలిన చప్పుడు. మోతీ బండలు నాకుతోంది. వాన ఎవరి చేతిదీ కాదు కదా...

సాయంత్రం ఓనరు గేటు తాళం తీయకముందే పంతులు ఎదురెళ్లి అంతా చెప్పాడు. ఆయన అమ్మను పిలిపించాడు.

“నా కుక్కను ఖరాబ్ జేస్తున్నవా?”

“బతికిచ్చిన సారూ,” అంది అమ్మ. అంతే అంది.

మర్నాటి నుంచి ఆ గేటు అందరికీ తీశారు, మాకు తప్ప. అమ్మ, నాన్న స్టేషన్ దగ్గర్నుంచి నీళ్లు మోశారు. నిండు బిందెలతో ఎదురొచ్చిన వాళ్లు తల వంచుకుని పోయేవాళ్లు. అది మాకు పెద్ద కష్టం కాదు... ఆయన రింగు పీకించి ముంగిలి మధ్యలో బండకు కొట్టించాడు. గోడమీదుగా విసిరిన నీళ్లు అంతదూరం పోయేవి కావు. అమ్మ రోజూ విసిరేది. రోజూ సగంలోనే పడేవి.

వానలు పడకముందే ఒక మధ్యాహ్నం మోతీ చచ్చిపోయింది. ముసలిదైపోయింది అన్నాడాయన. అవునన్నాడు పంతులు. దాని పళ్లు ఇంకా తెల్లగా ఉండేవి... నాకు తెలుసు. ఆ నెలలోనే మేం ఇల్లు ఖాళీ చేశాం.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న నాంపల్లి పాత మిత్రుల గ్రూపులో ఎవరో ఆయన ఫోటో పెట్టారు. ‘మూగజీవాలంటే ప్రాణం పెట్టిన మనిషి’ అని రాశారు. కింద వరసగా దండాలు, పూలు. పంతులు కొడుకూ ఒక దండం పెట్టాడు. ఫోటో నిజమే చెబుతోంది... పెద్దది చేసి చూడండి. ఆయన వరండా నీడలో కుర్చీలో ఉన్నాడు. మోతీ మెట్టు కింద ఎండలో ఉంది.

దయ గురించి మూడు భాషల్లో చాలా పుస్తకాలు చదివాను. దొంగలా దాక్కుని చేయాల్సి వచ్చే దయ గురించి ఎవరూ రాయలేదు.

ఇప్పుడు నేను ఆబిడ్స్‌లో ఫ్లాట్‌లో ఉంటున్నాను. ఎవరి నీళ్లు వాళ్లవే, ఎవరికీ ఎవరూ భయపడక్కర్లేదు. ఎదుటి బాల్కనీలో కుక్క ఎండకు ఏడుస్తుంటే మాత్రం అందరూ కిటికీలు మూసి ఏసీ వేసుకుంటారు. వెళ్లి తలుపు కొట్టాను... పెద్దాయనా, మీకెందుకు అన్నారు. మా కాంపౌండ్ వాళ్లకు నోరు మూసుకోవడానికి ఒక కారణమైనా ఉండేది...

మీ గల్లీలోనూ ఇలాంటిది ఒకటి కట్టేసి ఉండే ఉంటుంది. కింద రాయండి. యజమానుల పేర్లు వద్దు, వాళ్లకు ఫోటోలున్నాయి... ఆ కుక్కను ఏమని పిలిచేవాళ్లో రాయండి.