మా అన్న కథకు గొంతిచ్చిన సారు

మొన్న మంగళవారం పొద్దుగాల కోదాడ నుంచి ఫోన్ వచ్చింది. రికార్డింగ్ సారు పోయిండని ఆయన బిడ్డ చెప్పింది. “ఎప్పుడు బిడ్డా?” అని అడిగిన. “గంట అయింది బాబాయ్” అన్నది. కోదాడ బస్సుకు బయలెల్లిన.

నేను తిరుమలగిరి దిక్కు గొర్లు కాసుకునేటోన్ని. మా అన్న ఒగ్గుకథ, అంటే మా కులదేవుని కథ, చెప్తుంటే పక్కన డోలు కొట్టేది. మాట్లాడే పనంతా అన్నదే.

సూర్యాపేట బస్టాండు ఎనక సందుల సారు దుకాణం ఉండేది. రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేది, ఖాళీ క్యాసెట్లల్ల పాటలు ఎక్కిచ్చి ఇచ్చేది. ఆ పని మిర్యాలగూడల నేర్సుకున్నడట. గాడ ఎవరో ఆఫీసరు బదిలీ మీద పోతూ ఒక ప్లేయరు, పెట్టెడు ఇంగ్లీషు రికార్డులు ఈయనకు వదిలిపోయిండు. దుమ్ము పడకుండ వాటిని పాత ధోవతి గుడ్డల చుట్టి పెట్టేది. సూది దించే ముందు ఊపిరి బిగవట్టేది.

“ఇవి నల్లోళ్ల పాటలు తమ్మీ. పాడేది తెల్లోళ్లు. సోల్ అంటరు, అంటే ఆత్మ. తెల్లోళ్లు పాడితే నీలికండ్ల సోల్ అన్నరు” అని మొదటిసారి చెప్పిండు. నాకు ఇంగ్లీషు రాదు. కానీ ఒక రికార్డుల ఇద్దరు మగోళ్లు జంటగ పాడుతరు. ఒకనిది బాయిలకెల్లి వచ్చినట్టు బరువు గొంతు, ఇంకొకడు దాని మీదికెల్లి ఏడుసుకుంట పైకి పోతడు. అది పెట్టినప్పుడల్ల మా అన్న చాయ్ చల్లారబెట్టుకునేది. “వీళ్లకు కూడ ఎవరో సచ్చిపోయిన్రు” అనేది.

రేడియోల ఇన్నప్పుడు ఆ పాడినోళ్లను చానమంది నల్లోళ్లే అనుకున్నరట. ఫొటో చూసినంక నోరెళ్లబెట్టిన్రట. కొందరు మెచ్చుకున్నరు, కొందరు మా సొమ్ము దోసుకున్నరని తిట్టిన్రు. సారు ఇద్దరిదీ తప్పనేటోడు కాదు. “ఎవలకాడ నేర్సుకున్నమో ఆ పేరు ముందల చెప్పాలె తమ్మీ. చెప్పకపోతే అది దొంగ పాట” అనేది.

తర్వాత మా అన్నకు గొంతుల గడ్డ లేసింది. హైదరాబాదు దవాఖాన దాక పోయినా గుసగుస తప్ప గొంతు మిగలలే. దేవుని కథ మొత్తం అన్న నోట్లనే ఉండె, ఎక్కడా రాసిలేదు. ఒకనాడు సారు దుకాణంల కూసొని, ఆయన చెయ్యి పట్టుకొని అన్న అన్నడు, “నేను చెవుల చెప్త, నువ్వు పాడు సారూ.”

సారు బెదిరిండు. “అన్నా, నేను మీ కులపోన్ని కాదు. గురువుకాడ నేర్వలే. మీ పెద్దలు ఊకోరు.”

“గొంతు నీది, కథ మాది. పాడు.”

క్యాసెట్ నింపనీకి ఆరు రోజులు పట్టింది. అన్న సారు చెవి దగ్గర నోరు పెట్టేది, సారు కండ్లు మూసుకొని పాడేది, నేను డోలు కొట్టేది. ముగ్గురమే ఉన్నం. క్యాసెట్ అట్ట మీద సారు తన చేతితోని మొదలు మా అన్న పేరు, కింద చిన్నగ తన పేరు రాసిండు.

జనం ఆ క్యాసెట్టుకు కాపీలు కొట్టుకున్నరు. కాపీలకు అట్టలు లేవు. జాతరల మైకుల ఇని, మా అన్నకు మల్ల గొంతొచ్చిందని మావోళ్లు కొబ్బరికాయలు కొట్టిన్రు. అన్న నవ్విండు, కాదనలే. నెల తిరగకముందే అన్న పోయిండు. అప్పుడు అసలు క్యాసెట్ అట్ట మీది సారు పేరు మావోళ్ల కంటబడి నిజం బయటపడ్డది.

తిరుమలగిరిల కులపోళ్లంతా కూసొని సారును పిలిపిచ్చిన్రు. “సచ్చినోని గొంతు దొంగతనం చేస్తవా? దేవుని కథ నీకెవడిచ్చిండు?” అని మా పెద్దమనిషి లేసిండు. సారు నా దిక్కు చూసిండు. అన్ననే పాడమన్నడని ఎరిగినోన్ని బతికున్నోళ్లల్ల నేనొక్కన్నే. లేసి ఒక్కమాట అంటే అయిపోయేది. ఇంటికి పోయినంక చెప్దాం అనుకున్న. అన్న పేరు చెప్తే అన్నను కూడ తిడ్తరనుకున్న. ఇవన్నీ తర్వాత ఎతుక్కున్న సాకులు. నేను నేల చూసిన.

సారు కూడ నా పేరు తియ్యలే. “ఇగ పాడ” అని దండం పెట్టి లేసిపోయిండు.

మాట తప్పలే. కూనిరాగం కూడ తియ్యలే. నేను సూర్యాపేట మార్కెట్‌కు పోయినప్పుడల్ల దుకాణంల స్టూలు జరిపి “కూసో తమ్మీ, చాయ్ చెప్త” అనేది. చేత్తోని ఏదో ఒక టేపు విప్పుతనే ఉండేది. ఒక్కనాడు ఎత్తిపొడవలే. ఎత్తిపొడిస్తే నాకు తేలికయ్యేది. సెల్‌ఫోన్లు వచ్చి క్యాసెట్లు ఖతమైనయి, దుకాణం మూతబడ్డది, ఆయన కోదాడల బిడ్డకాడికి పోయిండు.

సారుకు ఊపిరి అందుతలేదని తెలిసి పోయిన నెల పోయిన. తప్పు నాదని చెప్పాలెనని గట్టిగ అనుకొనే బస్సెక్కిన. మంచం చుట్టూ చుట్టాలు. బస్సుల రష్ గురించి, వానల గురించి మాట్లాడి వచ్చిన. గడప దాటుతుంటే “పైలం తమ్మీ, మెల్లగ పో” అన్నడు.

మంగళవారం నేను పోయేసరికి వాకిట్ల ఫ్రీజర్ పెట్టె పెట్టిన్రు. ఆయన దాంట్ల పండుకొని ఉన్నడు. బిడ్డ నన్ను పక్కకు పిలిచింది.

“బాబాయ్, ఒకటి అడుగుతాను, దాచకు. మా నాన్న మీ కథ దొంగిలించాడా? నా చిన్నప్పుడు బళ్లో పిల్లలు అనేవాళ్లు. ఎన్నిసార్లు అడిగినా నాన్న చెప్పలేదు.”

“లేదు బిడ్డా. మా అన్ననే బతిమిలాడి పాడిచ్చిండు. నేను డోలు కొట్టిన. ఆనాడు కులంల నేను చెప్పాల్సి ఉండె. చెప్పలే.”

ఆమె నన్ను తిట్టలే. “నిన్న చెప్పినా వినేవాడు కదా బాబాయ్” అన్నది.

పోయి పెట్టె పక్కన కూసొని, అద్దానికి నోరు ఆనిచ్చి “నాన్నా, బాబాయ్ చెప్పాడు” అన్నది. ఆయన ముఖం ఉన్నకాడ అద్దం ఆవిరిపట్టి తెల్లగయింది. చున్నీ కొంగుతోని తుడిచింది. కొద్దిగ కనబడి మల్ల మసకైంది. ఆమె తుడుస్తనే ఉంది.